ఏడిళ్ల బొంత

పిల్లి ఉన్న ఇంట్లో సూది పట్టుకుంటే సగం పొద్దు దాన్ని తోలడానికే సరిపోతుంది. నిన్న పొద్దున్నుంచి నా బతుకు అదే. బొంత పరుస్తాను, వచ్చి సరిగ్గా నడిమధ్యలో కూర్చుంటుంది. లేపి పక్కన పెడతాను, దారం కొస పట్టుకుంటుంది. దారం గుంజుకుంటాను, కత్తెర మీద పడుకుంటుంది. "నీకేం పని లేదా, నన్ను బతకనియ్యవా?" అని అరిస్తే, నేను పక్కింటివాళ్లని అన్నట్టు అటు చూస్తుంది.

బొంత నాది కాదు, తమ్ముడిది. పోయిన వారం ఆదోని నుంచి వచ్చి, సంచిలోంచి తీసి నా ఒళ్లో వేశాడు. వాడు పుట్టినప్పుడు చుట్టిన బొంత. ఇప్పుడు వాడి కూతురికి బిడ్డ పుట్టింది. ఆ బిడ్డకి ఇదే పరవాలని వాడి ముచ్చట.

"అక్కా, అంచులన్నీ పోయినాయి, రవ్వంత బాగు సెయ్యి. ఆ నడిమధ్యలో పసుపు ముక్క ఉంది సూడు, అది మరీ పలచబడింది. దాన్ని తీసేసి ఏదన్నా కొత్తది యెయ్యి," అన్నాడు.

సరేనన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆ పసుపు ముక్క ఎక్కడిదో ఈ భూమ్మీద తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటూ ఇన్నేళ్లు బతికాను. అమ్మతో చెప్పాలని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చెప్పకముందే అమ్మ పోయింది. ఇప్పుడు వాడొచ్చి, కూరలో కరివేపాకు తీసేసినట్టు తీసేయమంటున్నాడు.

అప్పుడు నాకు పదేళ్లు. నాన్నకి ఆదోనిలో పత్తి మిల్లులో పని. అమ్మ కాన్పుకని ఎమ్మిగనూరు పుట్టింటికి వస్తూ నన్నూ వెంట తెచ్చుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా జొన్న చేలు చూస్తూ వచ్చాను. అమ్మ కడుపు మీద చెయ్యి పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకునేది.

అవ్వ వాళ్లది మగ్గం ఇల్లు. ఇంట్లో అడుగుపెడితేనే గంజి వాసన, రంగు వాసన, తడిసిన నూలు వాసన. ఆ యేడు వానలు ఆగకుండా పడి, మగ్గం గుంతలో నీళ్లు ఊరాయి. కాళ్లు పెట్టి నేసే వీలు లేదు. తాత తలకి టవలు చుట్టుకుని అరుగు మీద కూర్చుని ఆకాశాన్ని తిట్టడం తప్ప వేరే పని లేకుండా ఉన్నాడు. ఇల్లంతా చప్పుడు ఆగిపోతే నాకు నిద్ర కూడా సరిగా పట్టేది కాదు.

మగ్గం ఇళ్లలో పిల్లి ఉండి తీరాలి. గంజి పెట్టిన నూలంటే ఎలుకలకి పండగ. ఒక్క ఎలుక దూరిందంటే పది రోజుల పని నాశనం. అందుకని పిల్లిని పాలు పోసి పెంచుతారు. పెంచిన పిల్లి ఎలుకను పడుతుంది, నిజమే. కానీ ఎలుక దొరకనప్పుడు నూలుతోనే ఆడుకుంటుంది. ఎలుకల మీదికి పిల్లిని తోలడం, నూలు మీదినుంచి పిల్లిని తోలడం, ఇదీ ఆ ఇంటి ఆడవాళ్ల బతుకు. అవ్వ వాళ్ల బూడిదరంగు పిల్లి, గుంతలో పని లేదని ఎలా కనిపెట్టిందో, గుంత పైమెట్టు మీద పొడిగా ఉన్న మూల రెండు పిల్లల్ని పెట్టింది. ఒకటి తెల్లది, ఇంకొకటి మచ్చలది. ఆ రెండూ చేసిన అల్లరి చెప్తే ఎవరూ నమ్మరు.

వచ్చిన మూడో రోజు అవ్వ నన్ను కూర్చోబెట్టి బొరుగుల ఉగ్గాని పెట్టింది. పక్కన వేడి మిరపకాయ బజ్జీ. బజ్జీ పెట్టిందంటే ఏదో పని చెప్పబోతుందని నాకు తెలుసు.

"ఏమ్మే, నువ్వు ఏడిండ్లకు పోయి పాత గుడ్డలు అడుక్కోని రావల్ల," అంది.

నాకు బజ్జీ గొంతులో అడ్డం పడింది. "అడుక్కోవల్లనా? మన ఇంట్లో గుడ్డలు లేవా అవ్వా?"

"ఉండాయి. మనింటివి పనికిరావు. గుడ్డే కాదు, మనింటి పోగు ఒక్కటి కూడా కలవగూడదు. దారం కూడా అడుక్కోనే రా."

ఇంటి నిండా నూలు. దూలాల మీద నూలు, మూలల్లో నూలు, అన్నంలో కూడా పోగు వస్తుంది. అలాంటి ఇంటి నుంచి పోయి దారం అడుక్కోవాలట! నాకు తల తిరిగిపోయింది.

"ఎందుకవ్వా?"

"మీ యమ్మకు నీ తర్వాత ఇద్దరు నిలబడలేదు గదా. ఈ బిడ్డ మన బిడ్డ గాదు, ఊరోళ్ల బిడ్డ అనుకోని పోవల్ల."

"ఎవురు అనుకోని పోవల్ల?"

అవ్వ చుట్టూ చూసింది. "గమ్మునుండు. అన్నీ అడగగూడదు."

నిలబడని ఇద్దరిలో మొదటివాడు నాకు గుర్తు లేడు. పదిరోజులు కూడా ఉండలేదట. రెండోది చెల్లెలు. అది బాగా గుర్తు. తొమ్మిది నెలలు నా చంకలోనే పెరిగింది. నా జడ పట్టుకుని లాగేది, జడ కొస నోట్లో పెట్టుకునేది. ఆదోని అంగట్లో నాన్న తెచ్చిన పసుపు గుడ్డ, చిన్న చిన్న తెల్లపూలు, దానితో కుట్టించిన గౌను వేస్తే ఎంత బాగుండేదో! జ్వరం వచ్చింది, మూడు రోజుల్లో అయిపోయింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ దాని పేరు ఎత్తలేదు. ఎత్తకూడదని నాకెవరూ చెప్పలేదు, అయినా నేనూ ఎత్తలేదు.

గుడ్డలు అడగడానికి అవ్వ చెప్పిన నియమాలు ఇవి. పుట్టిన పిల్లలంతా బతికి ఉన్న ఇంటికే పోవాలి. అక్కడ ఏమీ తినకూడదు. తెచ్చిన గుడ్డ నేల మీద పెట్టకూడదు. అడిగిన ఇంట్లో మళ్లీ అడగకూడదు. మూడో ఇంట్లో బొరుగుల ఉండ పెడితే నేను తినేశాను. గోడ చాటుకి పోయి, నమలకుండా మింగి, మూతి తుడుచుకుని వచ్చాను. అది తప్పు అవునో కాదో ఆ పొద్దంతా తేలలేదు.

మొదటి ఇంటావిడ ఇచ్చిన పాత చీర లోపలి పొరలకి సరిపోయింది. మిగతా వాళ్లు ముక్కలు ఇచ్చారు. ఏడో ఇల్లు సందు చివర, దూది ఏకేవాళ్లది. తలుపుకి పరదా, లోపల ఎప్పుడూ దూది పొగమంచులా లేస్తూ ఉండేది. ఆ ఇంటామెని సందులో అందరూ ఖాలా, అంటే పిన్ని అనేవాళ్లు. ఆమెకి ఎనిమిది మంది పిల్లలు, ఎనిమిదిమందీ గుండ్రాళ్లు. నేను చేతులు చాపగానే ఆమె ఎందుకని అడగలేదు. ఉతికిన నీలం గళ్ల లుంగీ నుంచి పెద్ద ముక్క చింపింది. ఎర్ర దారం ఉండ ఒకటి దాని మీద పెట్టింది.

"ఇంద బేటీ, మా పెద్దోడి లుంగీ. వాడు గుర్రం లెక్క ఉండాడు. మీ అమ్మకు సెప్పు, నేను దువా సేస్తాండానని," అంది.

తెచ్చిన ఏడింటినీ నేసిన బట్ట చుట్టే మగ్గం దోనె మీద పెట్టాను. నేల కాదు గదా అనుకున్నాను. పిల్లి సంగతి మర్చిపోయాను.

మర్నాడు చూస్తే ఆరే ఉన్నాయి. గుంతలోకి తొంగిచూస్తే నీలం ముక్క మీద పిల్లికూనలు రెండూ హాయిగా పడుకుని ఉన్నాయి. తల్లి పిల్లి నా మొహం చూసింది. తన పిల్లలకి మెత్తగా ఉండాలని తీసుకుపోయింది, అంతే. ముక్క లాగి చూస్తే గోళ్లకి పీలికలైపోయింది, కంపు కొడుతోంది. అయ్యో, ఇంకేముంది! అడిగిన ఇంట్లో మళ్లీ అడగకూడదు. ఎనిమిదో ఇల్లు అవ్వ చెప్పలేదు. అవ్వతో చెప్తే నా వీపు విమానం మోతే.

నీలం ముక్కని పెంటకుప్పలో పూడ్చిపెట్టాను. ఆ తర్వాత చేసిన పని ఎందుకు చేశానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. అమ్మ ట్రంకుపెట్టె తెరిచాను. ఏదో ఒక పాత గుడ్డ తీద్దామనే చెయ్యి పెట్టాను. అడుగున, కాగితం కింద, పసుపు గౌను దొరికింది. అది ఎవరిదో నాకు తెలుసు. మన ఇంటి పోగు కలపకూడదనీ తెలుసు. పోయిన బిడ్డది అసలు ముట్టకూడదని కూడా ఎవరూ చెప్పకుండానే తెలుసు. అయినా కత్తెర తీసుకుని వెనకవైపు నుంచి చదరంగా కత్తిరించాను. ఇంకా చెల్లెలి వాసనే వస్తోందని ముక్కుకి పెట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, భయంతో చేశానా, దాన్నీ బొంతలో ఉండనివ్వాలని చేశానా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

అవ్వకి కంట్లో పొర. గుడ్డ కంటికి దగ్గరగా పెట్టుకుని, "ఈ పసుపుది ఎవురింటిది?" అంది.

"ఖాలా వాళ్లింటిది."

"బాగుంది. నడిమధ్యలో యేస్తా."

అవ్వ బొంత కుట్టడం మొదలుపెట్టింది. కుట్టడమా అది, యుద్ధం! తెల్లకూన పొరల మధ్యలో దూరేది. బొంత కింద గడ్డ కదిలినట్టు కదిలేది. మచ్చలది దాని మీద దూకేది. అవ్వ చూసుకోకుండా చీర పొర మూసి కుట్టేస్తుంటే లోపలినుంచి "మ్యావ్" అని వినపడింది. "నీ జిమ్మడ, బిడ్డకు కుడతాంటే నువ్వు దూరినావేందే!" అని అవ్వ మూరెడు కుట్టు మళ్లీ విప్పింది. అరుగు మీదినుంచి తాత, "దాన్ని అట్లనే కుట్టెయ్యి, సలికాలానికి వెచ్చగుంటాది," అన్నాడు. అమ్మ అన్ని నెలల్లో మొదటిసారి నవ్వింది.

అమ్మ కూడా సూది అందుకోబోయింది. అవ్వ చేతి మీద కొట్టింది. "కడుపుతో ఉండేదానివి సూది పట్టగూడదు. పైగా నీది ఎడమచెయ్యి. నీ కుట్టు అటు వాలి పోతాంటే సూసేటోళ్లకి తల తిరుగుతాది." నిజమే, అమ్మ అంచు కుడితే కుట్లన్నీ అందరివీ వాలే వైపు కాక రెండో వైపు వాలేవి.

వాన తెరిపిచ్చిన రోజు బొంతని ఎండకి వేశారు. అమ్మ చేత్తో నిమురుతూ వచ్చింది. నడిమధ్యలో చెయ్యి ఆగిపోయింది. అరచెయ్యంతా పసుపు ముక్క మీద ఆనించి చాలాసేపు నిలబడింది. తర్వాత నావైపు చూసింది. నేను పిల్లివైపు చూశాను.

"పిల్లికి పాలు పోసినావా?" అంది అమ్మ.

"పోసినా."

అంతే. తిట్టలేదు, ఏడవలేదు, అవ్వతో చెప్పలేదు. తిట్టి ఉంటే నా ప్రాణం కుదుటపడేది. గుర్తుపట్టిందా, పట్టలేదా? పట్టి ఉంటే ఎందుకు ఊరుకుంది?  బిడ్డకి ఏమన్నా అయితే నా వల్లనే అవుతుందని మాత్రం బాగా అర్థమయింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే బొంత మెల్లగా కిందికి లాగాను. పసుపు ముక్క విప్పేసి, అవ్వ దగ్గర మిగిలిన వేరే ఇంటి ముక్క వేద్దామని. బ్లేడుతో ఒక మూల విప్పాను. సూదికి దారం ఎక్కించేలోపు మచ్చలది నా ఒళ్లోకి వచ్చింది. తెల్లది దారం ఉండని గుంతలోకి దొర్లించింది. నేను ఉండ కోసం వంగితే మచ్చలది దారం పట్టుకుని ఉరికింది. దారంతో పాటు సూదీ పోయింది. పసిబిడ్డ బొంత, అందులో సూది పోయింది! బొంతంతా తడిమాను, దులిపాను, బోర్లించాను.  ఏడుపు గట్టిగా రాకుండా లంగా అంచు నోట్లో కుక్కుకున్నాను. చివరికి చూస్తే, మచ్చలది నోట్లో దారంతో గడప దాటుతోంది, వెనకాల సూది నేల మీద గీసుకుంటూ పోతోంది. సూది దొరికింది కానీ ఇంక నావల్ల కాలేదు. మూల విప్పినది విప్పినట్టే వదిలేసి బొంత మడిచి పెట్టేశాను.

ఆ సాయంత్రం అమ్మ ఇంట్లో కనపడలేదు. సందులోకి పోతే, ఖాలా వాళ్లింటి వైపు నుంచి నడుం మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా వస్తోంది. మొహమంతా చెమట. కొంగు గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"యాడికి పోయినావమ్మా?"

"నడిస్తే మంచిదంటారు గదా, నడుస్తాండా."

మర్నాడు బొంత చూస్తే నేను విప్పిన మూల గట్టిగా కుట్టేసి ఉంది. అవ్వ పనే అనుకున్నాను. అవ్వ నన్నేమీ అడగలేదు. నాకు ఇంకా గందరగోళమైపోయింది. ఎవరికి ఏం తెలుసో, ఎవరు ఏం దాస్తున్నారో ఒక్కటీ తెలియదు.

వారానికి తమ్ముడు పుట్టాడు. ఖాలా చూడటానికి వచ్చింది. బిడ్డ కంటే ముందు బొంతనే చూసింది. పసుపు ముక్క మీద వేలు పెట్టి నొక్కి, "అంతా బాగైతాది, ఫికర్ సెయ్యొద్దు," అంది అమ్మతో. అమ్మ తల ఊపింది. తన లుంగీ ముక్క ఏదని ఖాలా ఎక్కడ అడుగుతుందోనని నేను తలుపు చాటున చచ్చి బతికాను. ఆమె అడగలేదు.

ఆదోని వచ్చాక నేను నెలలు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. తొమ్మిదో నెలలో వాడికి జ్వరం వచ్చింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. నాన్న డాక్టరు కోసం పరుగెత్తాడు. అమ్మ వాడిని బొంతలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ఇంక ఆగలేకపోయాను.

"అమ్మా, ఆ పసుపు గుడ్డ నేనే..." అన్నాను.

అమ్మ చెయ్యి నా నోటికి అడ్డం పెట్టింది. "ఇప్పుడేం మాట్లాడొద్దు. తడిగుడ్డ తీస్కోని రా, పో."

మూడో రోజు జ్వరం దిగింది. వాడు లేచి కూర్చుని నా జడ పట్టుకుని లాగాడు. నేను వీధిలోకి పోయి, గోడకి తల ఆనించి, కడుపునిండా ఏడ్చి వచ్చాను. ఆ మాట మళ్లీ అమ్మా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తర్వాత నా పెళ్లి, పిల్లలు, ఆ మాట అట్లాగే ఉండిపోయింది.

నిన్న మధ్యాహ్నం పిల్లిని గదిలో పెట్టి తలుపు వేసి, పసుపు ముక్క అంచు విప్పడానికి కూర్చున్నాను. కత్తెర మొన పెట్టబోతూ ఆగాను. మిగతా ముక్కల అంచు కుట్లు ఒకవైపు వాలి ఉన్నాయి. దీనివి నాలుగువైపులా రెండోవైపు వాలి ఉన్నాయి. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. అమ్మ చెయ్యి అది. అమ్మ ఎప్పుడు కుట్టింది?

ఒక్కొక్క కుట్టే తెంపుతూ పోయాను. ముక్క లేపితే కింద మొదటి ఇంటి చీర కనపడాలి. చీర కాదు, నీలం గళ్ల గుడ్డ. ఎండ తగలలేదు కాబట్టి ఆ నీలం ఇంకా నిన్న ఉతికినట్టే ఉంది. ఖాలా పెద్దకొడుకు లుంగీ. నేను పెంటకుప్పలో పూడ్చింది కాదు, అదే లుంగీలో ఇంకొక ముక్క.

బొంత మీద అట్లాగే కూర్చుండిపోయాను. నెలలు నిండిన మనిషి సందు చివరిదాకా నడిచి, రెండోసారి అడగకూడని ఇంట్లో రెండోసారి చెయ్యి చాపింది. పట్టకూడని సూది పట్టింది. అవ్వ చెప్పిన ఏడో ఇంటి ముక్క తెచ్చి పెట్టింది. మరి పసుపుది ఎందుకు తీయలేదు? భయం ఉంటే తీసేయాలి. భయం లేకపోతే నీలంది ఎందుకు తెచ్చింది? నాకు అర్థం కాలేదు. ఇదంతా తెలిసి నన్ను ఒక్కమాట కూడా ఎందుకు అనలేదు? అమ్మా, ఒక్కసారి చెప్పి ఉంటే నేను ఇన్నేళ్లు ఇది మొయ్యాల్సి వచ్చేదా? కోపం వచ్చింది నాకు, నిజంగానే వచ్చింది. కోపంతోనే ఏడ్చాను. గదిలోంచి పిల్లి తలుపు గీకుతుంటే లేచి తీశాను. అది వచ్చి సరిగ్గా నీలం ముక్క మీద కూర్చుంది. దాన్ని తోలబుద్ధి కాలేదు.

ఈ పొద్దున పసుపు ముక్కని, పలచబడ్డ చోటల్లా సన్నగా రఫూ చేసి, నీలం మీద ఎక్కడిది అక్కడ పెట్టి కుడుతున్నాను. నా చేతి కుట్టు అవ్వ కుట్టు వైపే వాలుతోంది. సగం అయ్యేసరికి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అయిపోయిందా అక్కా? ఆ పసుపుది తీసేసినావా?"

"తీయలేదు. తీయను."

"ఎందుకక్కా? పాత పీలిక గదా."

"అది మీ చిన్నక్క గౌను రా."

 నా పిల్లి దారం పట్టుకుని లాగుతోంది. నేను వదల్లేదు, అదీ వదల్లేదు.

"చిన్నక్క ఎవురక్కా?" అన్నాడు, యాభైకి దగ్గరపడుతున్న నా తమ్ముడు.

ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి మా చెల్లెలి పేరు నోరు తెరిచి చెప్పాను.